ఫ్లారెన్స్‌లో ఒక కిటికీ

ఫ్లారెన్స్ చూడటానికి వచ్చినవాళ్ళను రెండంతస్తుల ఎర్రబస్సు ఒకటి తిప్పుతుంది. మన ఊళ్ళకొచ్చే ఎర్రబస్సు లాంటిది కాదు. పై అంతస్తుకి కప్పుండదు. ఒకసారి టికెట్ కొంటే రోజంతా ఎక్కడ కావాలంటే అక్కడ దిగొచ్చు, మళ్ళీ ఎక్కొచ్చు. సీటు పక్కన ఇయర్‌ఫోన్లు గుచ్చుకుంటే చెవిలో ఒక గొంతు ఊరి చరిత్ర చెబుతూ ఉంటుంది. మిలాన్‌లో చదువుకుంటున్న మా అక్క కూతురితో కలిసి ఒకరోజు పొద్దున్నే శాంతా మరియా నొవెల్లా రైల్వే స్టేషన్ దగ్గర ఆ బస్సెక్కాను. గొంతు మెదిచి వంశంతో మొదలుపెట్టింది. కోసిమో మెదిచి, లొరెంజో మెదిచి, బ్రునెలెస్కి, దొనతెల్లో, మికెలాంజెలో, గెలీలియో. ఎవరు కట్టించారు, ఎవరు కట్టారు, ఎవరు చెక్కారు, ఎవరు గీశారు! అరగంట దాటినా ఒక్క ఆడమనిషి పేరు వినబడలేదు. "ఈ ఊళ్ళో ఆడవాళ్ళు పుట్టలేదా పిన్నీ?" అంది మా అమ్మాయి.

పుట్టారు. పుట్టాక వాళ్ళనేం చేశారో ఈ ఊరు లెక్క రాసి మరీ దాచుకుంది. ఆ లెక్కల పుస్తకాలున్న వీధిలోకి మాత్రం బస్సు వెళ్ళదు.

నిజానికి బస్సు ఊరి నడిబొడ్డులోకే పెద్దగా వెళ్ళదు. పెద్ద చర్చి చుట్టూ ఉన్న బయలులోకి 2009 నుండి వాహనాలను రానివ్వడం లేదు. బస్సు ఎక్కువగా తిరిగేది ఊరిని చుట్టి ఉన్న వెడల్పాటి రోడ్ల మీద. ఒకప్పుడు అక్కడ కోటగోడ ఉండేది. 1865 నుండి 1871 వరకు ఆరేళ్ళపాటు ఫ్లారెన్స్ కొత్తగా ఏర్పడిన ఇటలీకి రాజధాని. రాజధాని అన్నాక పెద్ద పెద్ద రోడ్లుండాలని జుసెప్పె పొజ్జి అనే ఆర్కిటెక్టు నదికి ఉత్తరాన ఉన్న గోడలను కూలగొట్టించి ఆ జాగాలో రోడ్లు వేయించాడు. కోటద్వారాలు కొన్ని అటూ ఇటూ గోడల్లేకుండా ఒంటరిగా మిగిలిపోయాయి. అలాగే మిగిలిపోయిన ఒక చిన్న దిబ్బ మీద, కార్లూ స్కూటర్లూ రెండు పాయలుగా ప్రవహిస్తుంటే మధ్యలో లంకలాగా, సైప్రస్ చెట్ల కింద సమాధులున్నాయి. ఇంగ్లీషువాళ్ళ శ్మశానం అంటారు. 1861లో ఈ ఊళ్ళోనే చనిపోయిన ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ సమాధి అక్కడుంది. దాని మీద పూర్తిపేరు కూడా లేదు, మూడు పొడి అక్షరాలు మాత్రమే. 1856లో వచ్చిన ఆమె కావ్యం 'అరోరా లీ'లో అత్యాచారానికి గురై బిడ్డను కన్న మేరియన్ అనే పేదపిల్లనూ, ఆ బిడ్డనూ వెంటబెట్టుకుని కవయిత్రి అయిన కథానాయిక ఫ్లారెన్స్‌కే వచ్చి కాపురం పెడుతుంది. తండ్రి పేరు లేని బిడ్డను పెంచడానికి ఎలిజబెత్ ఈ ఊరినే ఎంచుకోవడం నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. ఆవిడ ఇక్కడ పద్నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషి. ఊరి సంగతి తెలియక రాసిందనుకోను.

బస్సు ఆర్నో నది దాటి గుట్టెక్కి పియజ్జాలె మికెలాంజెలో దగ్గర ఆగుతుంది. ఊరంతా కింద పరుచుకుని కనిపిస్తుంది. అందరూ ఫొటోలు దిగే చోటు. మధ్యలో కంచు దావీదు నిలబడి ఉంటాడు. అది నకలు. మికెలాంజెలో చెక్కిన అసలు పాలరాతి దావీదు 1873 నుండి అకాదెమియా మ్యూజియంలో ఉన్నాడు. ఊరి పాలనాభవనం పలాజ్జొ వెక్కియో ముందున్నది ఇంకో నకలు. ఒకే మగవాడు ఒకే ఊళ్ళో మూడుచోట్ల! పలాజ్జొ ముందు దావీదు నిలబడిన చోట అంతకుముందు ఎవరుండేవారో తెలుసా? యూదితు. తన ఊరిని ముట్టడించిన సేనాపతి హోలోఫెర్నెసు తల నరికిన వితంతువు. దొనతెల్లో పోతపోసిన ఆ కంచు యూదితు మెదిచీల ఇంట్లో ఉండేది. 1494లో మెదిచీలను ఊరినుండి వెళ్ళగొట్టాక, నియంతల మీద జనం గెలుపుకు గుర్తుగా, 1495లో దాన్ని తెచ్చి పలాజ్జొ గుమ్మం ముందు పెట్టారు. 1504 జనవరి 25న కొత్త దావీదును ఎక్కడ పెట్టాలో తేల్చడానికి కళాకారులనూ పెద్దమనుషులనూ పిలిచి సభ చేశారు. లియొనార్దో దా విన్చి ఉన్నాడు, బొత్తిచెల్లి ఉన్నాడు. నగర ప్రభుత్వపు చాటింపు అధికారి లేచి, యూదితు మృత్యుచిహ్నమనీ, ఆడది మగవాణ్ణి చంపడం బాగుండదనీ, ఆ విగ్రహం పెట్టిన దగ్గర్నుంచీ ఊరికి కీడే జరుగుతోందనీ అన్నాడు. పీసా పట్టణం చేజారిపోవడాన్ని కూడా ఆమె ఖాతాలోనే వేశాడు! ఇది నేను అల్లి చెబుతున్నది కాదు, ఆ సభలో ఎవరేమన్నారో రాసిపెట్టిన కాగితం ఇప్పటికీ ఉంది. ఆ ఏడాదే యూదితును అక్కడినుండి తీసేసి దావీదును నిలబెట్టారు. ఇప్పుడు అసలు యూదితు పలాజ్జొ లోపల గదిలో ఉంది.

మధ్యాహ్నం ఒక్క మ్యూజియానికే టైముంది. మా అమ్మాయికి ఉఫీజీ గ్యాలరీ చూడాలని ఉంది. చూడవలసిందే. అక్కడ క్యూలో నిలబడే ప్రతి ఒక్కరూ ఒక స్త్రీకి రుణపడి ఉన్నారన్నది కూడా తెలుసుకోవలసిందే. మెదిచి వంశంలో చివరి మనిషి అన్నా మరియా లుయీసా. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఆ రోజుల్లో ఏమని పిలిచి ఉంటారో మనకు తెలియనిది కాదు. ఊరు కొత్త రాజవంశం చేతికి పోతున్నప్పుడు 1737లో ఆమె ఒక ఒప్పందం రాయించింది: మెదిచీలు పోగుచేసిన బొమ్మలు, పుస్తకాలు, నగలు ఏవీ ఫ్లారెన్స్ దాటి పోకూడదు, అవి ఊరి అలంకారానికీ, జనం ఉపయోగానికీ, పరదేశుల కుతూహలానికీ ఇక్కడే ఉండాలి. మన లాంటి పరదేశులను కూడా గుర్తుపెట్టుకుని రాయించిందన్నమాట. అప్పటి రాజవంశాలు అంతరించినప్పుడు వాళ్ళ సేకరణలు ఎలా చెల్లాచెదురయ్యాయో చూస్తే ఆ కాగితం విలువ తెలుస్తుంది. అయినా ఆ రోజు నేను పట్టుబట్టి మా అమ్మాయిని ఇంకోచోటికి లాక్కెళ్ళాను. శాన్ మార్కో చర్చి నుండి రెండు నిమిషాల నడక.

ఆ చోటు పేరు ఓస్పెదాలె దెల్యి ఇన్నోచెంతి. ఏసు పుట్టినప్పుడు హేరోదు రాజు చంపించిన పసికందుల పేరు మీద వెలిసిన అనాథ శిశువుల ఆశ్రమం. వాస్తుశాస్త్రం చదువుకునేవాళ్ళు దీన్ని తప్పక చూస్తారు. 1419లో బ్రునెలెస్కి మొదలుపెట్టిన ఈ భవనపు వసారాతోనే పునరుజ్జీవన వాస్తు మొదలైందని పుస్తకాల్లో రాస్తారు. సన్నటి స్తంభాలు, వాటిమీద తొమ్మిది గుండ్రటి కమానులు, ఎక్కడా అతి లేదు. కమానుల మధ్య నీలిరంగు పళ్ళాల్లాంటి గుండ్రటి పలకల్లో, పొత్తిళ్ళలో చుట్టిన తెల్లటి పసిపిల్లల బొమ్మలు. ఆంద్రెయా దెల్లా రొబ్బియా 1487 ప్రాంతంలో చేసినవి పది. చేతులు చాపి, ఎవరైనా ఎత్తుకుంటారేమోనన్నట్టు చూస్తుంటాయి. ఫొటోలు తీసుకునేవాళ్ళు తీసుకుంటున్నారు. చాలా అందంగా ఉన్నాయి. ఇంత అందమైన వసారా ఎవరికోసం కట్టవలసి వచ్చిందన్నదే నన్ను తొలిచిన ప్రశ్న.

దీనికి మొదటి డబ్బు ప్రాతో అనే పక్క ఊరినుండి వచ్చింది. ఫ్రాంచెస్కో దాతీని అనే వ్యాపారి 1410లో చనిపోతూ ఫ్లారెన్స్‌లో అనాథ శిశువుల కోసం వెయ్యి బంగారు ఫ్లోరిన్లు రాసిపోయాడు. ఈ దాతీని గురించి మనకు తెలిసినంతగా ఆ కాలపు మరే వ్యాపారి గురించీ తెలియదు. ఎందుకంటే తన కాగితాలు ఒక్కటీ పారేయొద్దని చెప్పి పోయాడు. 1870లో ఆయన ఇంట్లో లక్షా యాభైవేల దాకా ఉత్తరాలు, వందల కొద్దీ పద్దు పుస్తకాలు బయటపడ్డాయి. వాటిలో భార్య మార్గరీత రాసిన ఉత్తరాలున్నాయి. పెళ్ళినాటికి ఆమెకు పదహారేళ్ళు, ఆయనకు నలభై దాటాయి. ఆయన వ్యాపారం మీద ఫ్లారెన్స్‌లో, ఈమె ఇల్లు నడుపుతూ ప్రాతోలో. మొదట్లో ఎవరిచేతో చెప్పి రాయించేది. ముప్పైలు దాటాక పట్టుబట్టి తనే రాయడం నేర్చుకుంది. ఆ ఉత్తరాల్లో ఆమె నోరు నొక్కుకున్న మనిషి కాదు. పిల్లలు పుట్టలేదన్నది మాత్రం జీవితమంతా ఆమెను వెంటాడింది. ఆ ఇంట్లో లూచియా అనే దాసి ఉండేది. ఇరవై ఏళ్ళ పిల్ల. 1392లో ఆమెకు దాతీని వల్ల ఆడపిల్ల పుట్టింది. లూచియాకు దాస్యం నుండి విడుదల ఇచ్చి తన దగ్గర పనిచేసే ఒకతనికిచ్చి పెళ్ళిచేశాడు. పిల్ల జినేవ్రాను కొన్నేళ్ళ తర్వాత ఇంటికి తెచ్చారు. మార్గరీత ఆ పిల్లను కన్నబిడ్డలాగే పెంచింది. ఘనమైన కట్నంతో పెళ్ళయింది.

జినేవ్రా అదృష్టవంతురాలు. కన్నతల్లి లూచియా తన బిడ్డ పెంపకాన్నీ పెళ్ళినీ ఏ దూరం నుంచి చూసిందో ఆ లక్షా యాభైవేల ఉత్తరాల్లో ఆమె మాటగా ఒక్కటీ లేదు. దాసి చేతికి కలమెవరిస్తారు? అటువంటి ఇంటి యజమాని వీలునామాలోనే అనాథ శిశువులు గుర్తుకు రావడం యాదృచ్ఛికమని నేననుకోను. ఆయన పశ్చాత్తాపాన్ని కొలిచే పని నాది కాదు గానీ, ఆ వెయ్యి ఫ్లోరిన్లను ఉత్త దాతృత్వం కింద జమకట్టడానికి మనసొప్పదు.

ఫ్లారెన్స్‌లో దాసీలేమిటని ఆశ్చర్యపోవచ్చు. 1348 ప్లేగులో జనం చచ్చిపోయి పనిమనుషులు దొరకనప్పుడు, 1363లో ఊరి ప్రభుత్వం క్రైస్తవేతర బానిసలను బయటినుండి తెచ్చుకోవడానికి అనుమతిచ్చింది. నల్లసముద్రం రేవుల నుండి తార్తారు, సర్కేషియన్, రష్యన్ పిల్లలను ఓడల్లో తెచ్చి అమ్మేవారు. కొనేది ఇంటిపనికి కాబట్టి ఎక్కువమంది ఆడపిల్లలే. చిన్న వయసువాళ్ళే. తెచ్చాక బాప్తిస్మం ఇచ్చి క్రైస్తవ పేరు పెట్టేవారు. దాస్యం మాత్రం అలాగే ఉండేది. పొద్దున బస్సులో విన్న కోసిమో మెదిచికి కూడా ఒక సర్కేషియన్ దాసి వల్ల కార్లో అనే కొడుకు కలిగాడు. మగపిల్లాడు కాబట్టి, మెదిచి కాబట్టి, ఇంట్లో పెరిగి మతాధికారి అయ్యాడు. మిగిలిన ఇళ్ళ దాసీల బిడ్డలు ఎక్కడికి వెళ్ళారో ఇన్నోచెంతి తొలి దశాబ్దాల రిజిస్టర్లు చెబుతాయి. ఫలానావారి దాసి బిడ్డ, ఫలానా వీధి ఫలానా ఆయన దాసి బిడ్డ. తల్లికి సొంత గుర్తింపు లేదు, ఆమెను కొన్నవాడి పేరే గుర్తింపు.

ఇక్కడ పాల సంగతి చెప్పాలి. ఉన్నవాళ్ళ ఇళ్ళలో తల్లులు బిడ్డకు పాలిచ్చేవారు కాదు. పాలదాదిని పెట్టేవారు. క్రిస్తియాన్ క్లాపిష్-జుబెర్ అనే ఫ్రెంచి చరిత్రకారిణి ఆనాటి ఫ్లారెన్స్ గృహస్తుల పద్దుపుస్తకాలు తిరగేసి ఒక విషయం బయటపెట్టింది. బేరం జరిగేది బిడ్డ తండ్రికీ, పాలదాది మొగుడికీ మధ్య. రెండు చోట్లా ఆడవాళ్ళున్నారు, ఒకామె కన్నది, ఒకామె పాలిస్తుంది. కాగితం మీద మాత్రం ఇద్దరు మగవాళ్ళు. పాల డబ్బు తీసుకునేది కూడా ఆ మొగుడే. దాసికి బిడ్డ పుడితే ఆ బిడ్డను ఇన్నోచెంతికి పంపి, ఆమె పాలను తమ బిడ్డకో, అద్దెకు ఇంకొకరి బిడ్డకో వాడుకునేవారు. ఆశ్రమంలో చేరిన ఆ దాసి బిడ్డను మళ్ళీ పల్లెటూళ్ళో ఇంకో పేద పాలదాది దగ్గరికి పంపేవారు. ఆ పల్లెటూరి తల్లి చంకలో బిడ్డ సంగతేమిటి? చనిపోయి ఉండొచ్చు, ఇంకెక్కడో ఉండొచ్చు. ఇలా పాలు కిందినుండి పైకి పోతుంటే బిడ్డలు పైనుండి కిందికి జారుతూ వచ్చారు. కరువొచ్చిన ఏళ్ళలో, ప్లేగొచ్చిన ఏళ్ళలో ఆశ్రమానికి చేరిన పిల్లల్లో సగం కూడా బతకలేదు.

చేరిన పిల్లల్లో ఆడపిల్లలే ఎక్కువ. దీనికి కారణం వెతకడానికి మనకు పెద్ద పరిశోధన అక్కర్లేదు. కట్నం. ఫ్లారెన్స్‌లో కట్నాలు ఎంత పెరిగిపోయాయంటే, 1425లో ప్రభుత్వమే కట్నాల నిధి ఒకటి ప్రారంభించింది. కూతురు పసిదిగా ఉండగానే తండ్రి కొంత డబ్బు కడితే, ఏళ్ళు గడిచి పెళ్ళినాటికి వడ్డీతో సహా కట్నంగా అల్లుడి చేతికి ఇస్తుంది. ఈలోగా ఆ డబ్బుతో ఊరు తన యుద్ధాల అప్పులు తీర్చుకుంటుంది! ఆడపిల్ల పెళ్ళికోసం పాలసీ కట్టమనే ప్రకటనలు చూస్తూ పెరిగిన మనకు ఇదేమీ కొత్తగా ఉండదు. నిధిలో కట్టగలిగినవాళ్ళు కట్టారు. కొంచెం తక్కువవాళ్ళు ఇద్దరు కూతుళ్ళుంటే ఒకరికి పెళ్ళిచేసి ఒకరిని మఠంలో వేశారు, మఠానికి కూడా కట్నం ఇవ్వాలి గానీ తక్కువ. ఏదీ లేనివాళ్ళు బిడ్డను పొత్తిళ్ళలో చుట్టి చీకటిపడ్డాక ఈ వసారా దగ్గరికొచ్చారు.

ఆశ్రమం 1445 జనవరి చివర్లో తెరుచుకుంది. ఫిబ్రవరి 5న మొదటి బిడ్డ వచ్చింది. ఆడపిల్ల. ఆరోజు సాధ్వి అగాతా పండగ కాబట్టి అగాతా స్మెరాల్దా అని పేరు పెట్టారు. అగాతా అంటే రొమ్ములు కోయించుకుని చనిపోయిన క్రైస్తవ హతసాక్షి, పాలదాదులకు రక్షకురాలు. పాలకోసం వచ్చిన మొదటి బిడ్డకు ఆ పేరు పడింది! మొదట్లో వసారాలో రాతితొట్టి ఒకటుండేది, అటూ ఇటూ మోకరిల్లిన మరియ, యోసేపుల బొమ్మలు. బిడ్డను ఆ తొట్టిలో పెట్టి గంట కొట్టి వెళ్ళిపోవాలి. ఎవరి బిడ్డ అయినా ఆ ఒక్క క్షణం పశువులతొట్టిలో ఏసులా ఉంటుందని ఊహ. 1660లో దాని బదులు ఇనుపకమ్మీల కిటికీ పెట్టారు. వసారాకి ఎడమ చివర ఇప్పటికీ ఉంది. కమ్మీల మధ్య సందు సరిగ్గా పురిటికందు పట్టేంత. అంతకన్నా పెద్ద పిల్లలను తోసేయడానికి వీల్లేకుండా కొలిచి చేసిన సందు. మా అమ్మాయి తన అరచెయ్యి అడ్డంగా పెట్టి చూసింది. ఏమీ మాట్లాడలేదు.

లోపల మ్యూజియం 2016లో కొత్తగా తయారుచేశారు. భూగర్భంలో చరిత్ర, పైన కళ. పైన మంచి మంచి బొమ్మలున్నాయి, బొత్తిచెల్లి కుర్రతనంలో వేసిన మేరీమాత ఉంది. మేము ఎక్కువసేపు గడిపింది కింద. అక్కడ ఒక గోడ పొడవునా చిన్న చిన్న సొరుగులు, వందకు పైగా. ఒక్కో సొరుగు మీద ఒక్కో పేరు. లాగి చూడొచ్చు. పందొమ్మిదో శతాబ్దంలో బిడ్డలతోపాటు వదిలిన గుర్తులవి. చిన్న శిలువ. పూసల దండ. గాజుబిళ్ళ. రిబ్బను ముక్క. గుండీ. అన్నిటికంటే ఎక్కువగా సగానికి విరిచిన పతకాలు. మేరీమాత బొమ్మ ఉన్న చవకరకం పతకాన్ని మధ్యకు తుంచి సగం బిడ్డ మెడకు కట్టి, సగం తల్లి తన దగ్గర దాచుకుంది. ఎప్పుడో మంచిరోజులొస్తే ఆ సగాన్ని తెచ్చి ఈ సగంతో కలిపి చూపించి నా బిడ్డ ఇదేనని అడగడానికి. విరిచిన అంచు ఒక్కోదానిది ఒక్కోరకం. సంతకం రాని తల్లులు పెట్టిన సంతకం అది. ఈ సొరుగుల్లో ఉన్న సగాలన్నీ ఎవరూ రాకపోవడం వల్ల మిగిలినవి.

తల్లులు బిడ్డలను "వదిలించుకున్నారు" అని రాసే చరిత్రకారులు ఈ గోడ ముందు ఒక గంట నిలబడాలి.

బతికిన మగపిల్లలకు ఆశ్రమం ఏదో ఒక పని నేర్పి దుకాణాలకు పంపేది. ఆడపిల్లలను బయటికి పంపాలంటే పెళ్ళి చెయ్యాలి, పెళ్ళికి కట్నం ఇవ్వాలి. ఆశ్రమం తానే తండ్రి స్థానంలో నిలబడి కొందరికి చిన్న చిన్న కట్నాలిచ్చి పంపింది. అందరికీ ఎక్కడినుంచి తెస్తుంది? పదహారో శతాబ్దం వచ్చేసరికి వందలమంది అమ్మాయిలు, నడివయసువాళ్ళు, ముసలివాళ్ళు ఆ గోడల మధ్యే ఉండిపోయారు. వాళ్ళు ఊరికే కూర్చోలేదు. పట్టుదారం తీశారు, నేశారు, కుట్టారు. ఈ ఆశ్రమాన్ని కట్టించి నడిపినదెవరు? పట్టు వ్యాపారుల సంఘం! ఊరి సంపదలో పెద్ద వాటా వాళ్ళది. వీధుల్లో ఆ పట్టు కట్టుకుని తిరిగేవాళ్ళ కట్నాల ధరలు పెరిగాయి, ఆ ధరలు కట్టలేని ఇళ్ళ ఆడపిల్లలు ఇక్కడికొచ్చి ఆ పట్టే తీశారు. ఎవరూ కూర్చుని పన్నిన కుట్ర కాదు. కానీ లెక్క మాత్రం ఎంత చక్కగా కుదిరింది!

మేడమీద గిర్లాందాయో 1488లో పూర్తిచేసిన పెద్ద బొమ్మ ఉంది. బాల ఏసును చూడటానికి వచ్చిన జ్ఞానులు, రంగురంగుల పట్టుబట్టలు, పెద్దమనుషుల ముఖాలు. ముందు వరుసలో తెల్లటి పల్చని బట్టల్లో ఇద్దరు పసివాళ్ళు మోకరిల్లి ఉన్నారు, వాళ్ళ ఒంటిమీద గాయాలు. హేరోదు చంపించిన పిల్లలు. వెనక దూరంగా, చిన్నగా, ఆ చంపడం జరుగుతున్న దృశ్యం. అక్కడ తల్లులున్నారు. కత్తులు పట్టుకున్న సైనికుల మీద కలబడుతున్నారు. పట్టించుకుని చూస్తే తప్ప కనబడరు.

ఇదంతా ఎక్కడో, ఎప్పుడో అని మనం అనుకోలేం. 1992లో తమిళనాడు ప్రభుత్వం ఆడశిశువులను చంపకండి, ఇక్కడ వేయండి అని ఊయలలు పెట్టింది. 1999లో, మళ్ళీ 2001లో, ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాల ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు తీసుకొచ్చి విదేశాలకు దత్తత పంపిన వ్యవహారం బయటపడింది. అప్పుడు కూడా పత్రికలన్నీ "కన్నపేగును అమ్ముకున్న తల్లులు" అనే రాశాయి. మూడో ఆడపిల్ల, నాలుగో ఆడపిల్ల అన్న మాటలో ఉన్న కట్నం గురించి రాసింది తక్కువ. ఆ తల్లుల దగ్గర సగం పతకం కూడా లేదు, వేలిముద్ర వేసిన కాగితం తప్ప.

ఇన్నోచెంతి పిల్లలకు చాలాకాలం ఇన్నోచెంతి అన్నదే ఇంటిపేరు. టస్కనీలో ఇప్పటికీ ఆ ఇంటిపేరువాళ్ళు, దానికి దగ్గరి పేర్లవాళ్ళు బోలెడంతమంది. ఇంటిపేరుతో కులం, ఊరు, వంశం అన్నీ ఆరా తీసే మనకు, తండ్రి లేకపోవడమే ఇంటిపేరుగా మారడం ఏమిటో ఊహించడం కష్టం కాదు. 1875 జూన్ 30న కిటికీ మూసేశారు. చివరగా వచ్చిన ఇద్దరికి, ఒక పాపకూ ఒక బాబుకూ, లౌదాతా కియుసూరి, ఉల్తిమో లషియాతి అని పేర్లు పెట్టారు. ఉల్తిమో అంటే ఆఖరివాడు, లషియాతి అంటే వదిలేసినవాళ్ళు. పాప ఇంటిపేరులో మూసివేత అన్న అర్థం వినిపిస్తుంది. పేరు పెట్టిన గుమాస్తా చమత్కారం వాళ్ళిద్దరూ జీవితాంతం మోయాల్సి వచ్చింది.

కిటికీ మూశారు గానీ ఆశ్రమం మూయలేదు. పిల్లల సంరక్షణ సంస్థగా నడుస్తూనే ఉంది. 1988లో యునిసెఫ్ తన పరిశోధనా కేంద్రాన్ని ఈ భవనంలోనే మొదలుపెట్టింది. ఇటలీ చట్టం ప్రకారం ఇప్పుడు ఏ స్త్రీ అయినా ఆస్పత్రిలో పురుడు పోసుకుని, తన పేరు రాయొద్దని చెప్పి, బిడ్డను అక్కడే వదిలి వెళ్ళొచ్చు. ఆ పేరు నూరేళ్ళపాటు ఎవరికీ చెప్పరు. చీకట్లో కిటికీ దగ్గరికి నడిచి వెళ్ళే అవసరం లేకుండా, మంచం మీద, డాక్టరు చేతుల్లో కనే హక్కు అది. ఎన్ని ప్రాణాలు కాపాడిందో! అయితే అలా పుట్టిన పిల్లలు పెద్దవాళ్ళై మా అమ్మ ఎవరో మాకు తెలియాలి అన్నారు. అలాంటి ఒక స్త్రీ వేసిన కేసులో 2012లో యూరోపియన్ మానవహక్కుల కోర్టు ఇటలీని తప్పుపట్టింది. మరుసటి ఏడాది ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం, నూరేళ్ళ రహస్యాన్ని తల్లి కావాలంటే వెనక్కి తీసుకునే దారి ఉండాలని తీర్పు చెప్పింది.

తల్లి గోప్యత ఒకవైపు, కూతురి ప్రశ్న ఒకవైపు. రాత్రి రైల్లో మేమిద్దరం దీనిమీదే వాదించుకున్నాం. మా అమ్మాయి బిడ్డ పక్షం. ఎవరికి పుట్టామో తెలుసుకోవడం కనీస హక్కు అంటుంది. నేను తల్లి పక్షం. ముప్పైయేళ్ళ తర్వాత, మొగుడూ పిల్లలూ ఉన్న ఇంటికి కోర్టునుండి ఫోనొస్తే ఏమవుతుందో ఆలోచించమన్నాను. ఆ ఫోను ఎలా చెయ్యాలన్నదే అక్కడ పెద్ద విషయం కూడా. ఇప్పుడు బిడ్డ అర్జీ పెడితే బాలల న్యాయస్థానం ఆ తల్లిని వెతికి, ఇంట్లో ఎవరికీ తెలియకుండా, ఆమె ఒక్కదాన్నే అడగాలి. కొందరు ఒప్పుకుంటున్నారు. కొందరు వద్దంటున్నారు. వద్దంటే ఆ ఫైలు మళ్ళీ మూసేస్తారు.